మోచేతిలో తాళం

మా ఆయన తాళాలు బాగుచేసేవాడు. వీధి మలుపులో, మెట్ల కింద ఇరుకు కొట్టు. మొరాయించిన తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని, అదేదో గోడు చెప్పుకుంటున్నట్టు శ్రద్ధగా వినేవాడు. ఆ శ్రద్ధ నా మాట మీద ఉంటే ఎంత బాగుండునో అని దెప్పేదాన్ని.

ఒక వానాకాలం ఆ మెట్ల మీదే జారి కుడిచేతి మీద పడ్డాడు. మోచేతిలో ఎముక చిట్లింది. కట్టు విప్పాక చూస్తే చేయి సరిగా వంగదు, సాగదు, అరచేయి పైకి తిరగదు. ముద్ద నోటిదాకా రాదు. నేనే కలిపి పెట్టేదాన్ని. ఆయనకది తల కొట్టేసినట్టుండేది.

"ఆఖరికి నీ మోచేతి నీళ్ళు తాగే గతి పట్టింది నాకు," అన్నాడొకరోజు, ముఖం తిప్పుకుని.

"నీళ్ళు మోచేతిదాకా కారితే కదండీ తాగడానికి. ముందు నోరు తెరవండి," అన్నాను.

నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. ఆయన బెంగ అన్నం గురించి కాదు. తాళంచెవి తిప్పలేకపోతే ఇక తానెందుకని.

చేతికి కసరత్తులు చేయించే డాక్టరమ్మ ఎముకల బొమ్మ తెచ్చి చూపించింది. జబ్బలో ఒక ఎముక, ముంజేతిలో రెండు. మూడూ కలిసే చోటే మోచేయి. చిటికెనవేలి వైపు ఎముక కొక్కెంలా పై ఎముకను పట్టుకుని, తలుపు బందులా వంగుతుందట. మనం బల్లకు ఆనించే మొన దానిదే. బొటనవేలి వైపు ఎముకకు గుండ్రటి తల ఉంటుంది. దాని చుట్టూ ఉంగరంలా గట్టి పట్టీ. అందులో ఆ తల తిరిగితేనే అరచేయి తిరుగుతుంది. ఈయనకు చిట్లింది ఆ తలే.

"అయితే బందూ తాళమూ ఒకే చోట బిగించాడన్నమాట దేవుడు," అన్నాడు మా ఆయన. పడ్డాక మొదటిసారి ఆ ముఖంలో వెలుగు చూశాను.

నిదానంగా చేయమని ఆమె చెబితే ఈ మహానుభావుడు ఏం చేశాడు? నాకు తెలియకుండా మణికట్టుకు తాళంకప్పల గుత్తి వేలాడదీసి చేయి సాగదీశాడు. తెల్లారేసరికి మోచేయి బంతిలా వాచింది. మొండి తాళాన్ని బలవంతంగా తిప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది.

వాపు తగ్గాక మళ్ళీ మొదలు. ఓ సాయంత్రం ఇంటి తాళం తిప్పేసి, చూశావా అన్నట్టు నావైపు చూశాడు. నేను చూసింది ఆయన భుజం ఎగరడం. మర్నాడు డాక్టరమ్మకు చెప్పేశాను.

"అది మోచేత్తో తిప్పడం కాదు బాబాయిగారూ, భుజంతో తిప్పారు. దొంగ తాళంచెవి," అందామె.

మోచేతిని పక్కటెముకలకు ఆనించి, మధ్యలో మడిచిన పేపరు పెట్టింది. భుజం సాయం వస్తే మోచేయి ఎడమై పేపరు జారుతుంది, దొంగ దొరికినట్టే. ఇంట్లో కాపలా నాది. పేపరు పడ్డప్పుడల్లా "దొంగ, దొంగ" అనేదాన్ని. ఆయన ఉడుక్కునేవాడు.

చలి మొదలయ్యాక ఓ పొద్దున కొట్టు ముందు నిలబడి, పేపరు పెట్టుకుని, తాళంలో చెవి పెట్టాడు. తిరిగింది. పేపరు పడలేదు. ఆ పేపరు తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం నేను ముద్ద కలపబోతే కంచం తన వైపు లాక్కున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త వెలితిగానే అనిపించింది.

ఆ చేయి మాత్రం పూర్తిగా సాగలేదు. నడుస్తుంటే ఎవరినో పట్టుకోమన్నట్టు కొంచెం వంగే ఉండేది. ఆ వంపులో నా చేయి వేసుకునే బజారుకు వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఆయన లేడు. బజారుకు వెళ్తూనే ఉన్నాను, ఆ వంపులో వేసుకునే నా చేతికి సంచి తగిలించుకుని.