ఆటోను వెనక్కి పంపి కైగల్ జలపాతానికి

ఈ ప్రయాణం భయంలోనే మొదలైంది. పులిభయం, దొంగల భయం కాదు, నెలాఖరు భయం. పాకాలలో మోటార్లకు వైండింగ్ కట్టుకుంటూ, శనివారం సాయంత్రాలు భజన మందిరంలో నాలుగు మంచి మాటలు చెప్పేవాణ్ణి నేను. ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. గ్రంథం ముందు పెట్టుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నదే నా విద్య. రాగి తీగ ధర చుక్కలు చూపిస్తోంది. అద్దె పెరిగింది. గ్యాసు, నూనె, కందిపప్పు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అయ్యలారా, అమ్మలారా, గుండె మీద చెయ్యి పెట్టుకొని చెప్పండి. ఇలాంటి కాలంలో మనం మొట్టమొదట కత్తెర వేసేది దేని మీద? సంతోషం మీదే కదా.

మా ఆవిడ మునెమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని చేస్తుంది. మూడు నెలలు బెల్టు పక్కన నిలబడి తోతాపురి కాయలు కోస్తుంది. ఆ పని అయిపోయాక ఏడాదికి ఒక్క రోజు ఎక్కడైనా పైనుంచి దూకే నీళ్ళు చూసి రావాలి, అదొక్కటే ఆమె సరదా. చీర అడగదు, సినిమా అడగదు. ఈసారి ఫ్యాక్టరీ వారం ముందుగానే మూతపడింది, ఆ వారం కూలీ పోయింది. "కోరిక నిప్పు లాంటిదని శాస్త్రాలు చెబుతున్నాయి, నెయ్యి పోస్తే అది ఆరదు. సరే, ఈ ఏటికి పోదాం. ఇదే ఆఖరుసారి" అని బయల్దేరుతూ గడపలోనే చెప్పేశాను.

"మూడు నెల్లు నేను కోసింది సాల్లేదని ఇప్పుడు నువ్వు నన్ను కోస్తాండావు" అని మునెమ్మ చెప్పులు తొడుక్కుంది.

కారు మాట్లాడుకుంటే నాలుగు వేలకు తక్కువ లేదు. అందుకే బస్సు. పొద్దున ఆరున్నరకు పాకాలలో ఎక్కితే చిత్తూరుకు గంట ప్రయాణం. తిరుపతి నుంచి వచ్చేవాళ్ళు ఇంకో గంట కలుపుకోండి. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ లేదు కాబట్టి ఖర్చు సగమే. కండక్టరు నా చేతిలో టికెట్టు పెడుతూ నవ్వాడు. "అమ్మకు సున్నా, పెద్దాయనకు డబ్బులు. ఇంట్లో గూడా ఇంతేనా?"

"ఇంట్లో టికెట్టు నాది, పెత్తనం ఆయనది" అంది మునెమ్మ.

చిత్తూరులో పలమనేరు బస్సు దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టదు. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మబ్బు కమ్మింది. అద్దం మీద చినుకులు పడుతుంటే ఆమె చిన్నపిల్లలా వేళ్ళతో గీతలు గీస్తోంది. నేను మాత్రం లోపల్లోపల లెక్కలు వేసుకుంటున్నాను. చూడండి, డబ్బు భయం ఎంత పాడుదో. కళ్ళ ముందు కొండ ఉన్నా చూడనివ్వదు. పలమనేరులో ఇడ్లీ తిని, కుప్పం వైపు పోయే పల్లెబస్సు ఎక్కి, బైరెడ్డిపల్లెలో దిగేసరికి పదిన్నర అయింది.

అక్కడ ఆటో నడిపే ఖాదర్ మమ్మల్ని జలపాతం దాకా తీసుకెళ్ళాడు. ఇంట్లో ఉర్దూ, స్టాండులో తెలుగు మాట్లాడే మనిషి. మేము ఎక్కీ ఎక్కగానే ముక్కు ఎగబీల్చాడు. "అక్కా, మామిడిపండ్లు తెచ్చినారా? బండంతా వాసన కొడ్తాండాది."

మునెమ్మ తన గుడ్డసంచి వైపు చూసుకొని నవ్వింది. సీజనంతా ఆ సంచి ఫ్యాక్టరీకి మోసినదే. అందులో మా మధ్యాహ్నం పులిహోర, మెత్తబడిపోయిన పండ్లతో ఆమె ఇంట్లో ఎండబెట్టిన తాండ్ర ఉన్నాయి. "మాకేం తెలీడంలే నాయనా. మా ముక్కులు మామిడికి ఎప్పుడో సచ్చిపోయినాయి" అంది.

దిగాక అసలు మాట వచ్చింది. తీసుకొచ్చినందుకు రెండువందలు. ఉండి వెనక్కి తీసుకెళ్ళాలంటే బాడుగ కాక, వెయిటింగుకు ఇంకో నూటయాభై. ఎందుకు దండగ, పో, ఫోను చేస్తాం అన్నాను.

"ఈడ ఫోను తగలదప్పా" అన్నాడు ఖాదర్.

"అయితే మూడున్నరకు రా."

"వస్తా. ఇంకో బాడుగ తగిలితే ఆలస్యమయితాది. నాలుగు దాటితే ఈడ ఉండొద్దండి. సామి తిరగతాండాడు."

"ఏ సామి?"

ఖాదర్ గొంతు తగ్గించాడు. కౌండిన్య అడవి నుంచి వచ్చే ఏనుగును ఇక్కడ పేరు పెట్టి పిలవరట. "నేను గూడా సామి అనే అంటా. ఆ కాళ్ళు సూసినంక హిందూ యాడ, తురక యాడ" అని ఆటో తిప్పుకున్నాడు. ఆ శబ్దం దూరమయ్యేదాకా నేను వింటూ నిలబడ్డాను. నూటయాభై మిగిలిందన్న ఆనందం అప్పుడే కాస్త చేదెక్కింది.

జలపాతం మాత్రం చూసి తీరాల్సిందే. నల్లటి బండల మీది నుంచి నీళ్ళు ఒక్కసారిగా దూకుతాయి. చుట్టుపక్కలవాళ్ళు దుముకురాళ్ళు అంటారు. వానలు బాగా పడ్డాక వెళ్ళాలి, వేసవిలో బండలే ఉంటాయి. ఆ రోజు మామూలు రోజు కాబట్టి జనం లేరు. మునెమ్మ చీర కొంగు నడుముకు దోపుకొని నీటి తుంపర పడే చోట కూర్చుంది. మూడు నెలలు కత్తి పట్టిన వేళ్ళను విప్పి నీళ్ళలో పెట్టింది. ఆమె ముఖం చూస్తుంటే, ఇదే ఆఖరుసారి అన్న మాట నాకే తప్పుగా తోచింది. అయినా లెక్క లెక్కే అనుకున్నాను.

మూడున్నర అయింది, ఖాదర్ రాలేదు. నాలుగయింది. మబ్బుకు చీకటి ముందుగానే దిగుతోంది. "నడుద్దాం, రోడ్డు ఎంత దూరముంటాదిలే" అంది మునెమ్మ. మట్టిబాట పట్టాం. కాస్త దూరం పోగానే బాట మధ్యలో ఏనుగు లద్దె కనిపించింది, ఇంకా ఆవిరి వస్తోంది. పక్కనే చేతి లావు కొమ్మ విరిగి వేలాడుతోంది. వెనక్కి పోదామంటే అక్కడ నీళ్ళు, బండలు. ముందుకు పోదామంటే ఏముందో తెలియదు. అంతలో కొమ్మ విరిగిన శబ్దం వచ్చింది, దగ్గరలోనే.

బాటకు అడ్డంగా, రెండు బస్సులంత దూరంలో, ఒంటి ఏనుగు నిలబడి ఉంది. మేమిద్దరం ఒక బండ వెనక కూలబడ్డాం. నా జేబులోని చిన్న గ్రంథం మీద చెయ్యి వేసుకున్నాను. మైకు లేకుండా వీధి చివరికి వినిపించే గొంతు నాది. పెదవి కూడా కదల్లేదు. మొసలి నోట చిక్కిన ఏనుగు దేవుణ్ణి పిలిచిన కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ కథలో మొర పెట్టుకున్నది ఏనుగు. ఇక్కడ మొర పెట్టాల్సింది నేను, అదీ ఏనుగుకు వినిపించకుండా.

అది తొండం పైకెత్తింది. గాలిలో అటూ ఇటూ వెతికి, మా బండ వైపు తిప్పి ఆపింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది.

"సంచి" అంది మునెమ్మ నా చెవిలో. "తాండ్ర. ఆ పిల్లోడు పొద్దున్నే సెప్పలా వాసనని?"

నాకు అర్థమయ్యేలోపల ఆమె సంచిని పల్లంలోని పొదల వైపు బలంగా విసిరింది. ఏనుగు చెవులు విప్పి ఆగింది. తర్వాత ఆ పొదల వైపు మళ్ళింది. మేము పాకుతూ, జారుతూ, రెండో వైపు వాగు వెంబడి దిగి, ముందు మళ్ళీ బాట ఎక్కాం. వెనకాల గుడ్డ చినిగిన చప్పుడు, స్టీలు డబ్బా నలిగిన చప్పుడు వినిపించాయి. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో ఇద్దరికీ తెలియదు.

మలుపులో ఖాదర్ ఆటో ఉంది. ఇంజను ఆపేసి, హారను కొట్టకుండా నిలబడి ఉన్నాడు. "సామి దిగినాడని మేకలోళ్ళు సెప్పినారు. ఇంగ ముందుకు రాలేక ఈడనే ఉండిపోయినా" అన్నాడు. పలమనేరు బస్సు దొరికేదాకా మమ్మల్ని ఒంటరిగా వదల్లేదు. పొద్దున నేను ఇవ్వనన్న నూటయాభై కూడా కలిపి ఇస్తే తీసుకోనన్నాడు. బలవంతంగా జేబులో పెట్టాను. సంచితో పాటు ఆధార్ కార్డు కూడా పోయింది కాబట్టి మునెమ్మకు ఆ పూట టికెట్ కొన్నాం.

పలమనేరు బస్టాండులో మునెమ్మ చేతికి టీ గ్లాసు ఇచ్చి, "ఏనుక్కి బాగా భయపడినావా?" అని అడిగాను.

"ఏనుక్కి కాదు" అంది. "పొద్దున గడపలో నువ్వన్న మాటకు. బయల్దేరేటప్పుడు పోయొస్తామంటారు గానీ, ఆఖరుసారి అని ఎవురన్నా అంటారా? ఆ బండ ఎనక కూసున్నంతసేపు నీ మాట నిజమైపోతాదేమోనని వణికినా. నువ్వు సెప్పేవన్నీ జరగాలని మందిరంలో మొక్కేది నేనే గదా."

నా మాట వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే, నలుగురు వినేలా చెప్పాను.

"ఎనక్కి తీసుకుంటే సాలదు. వచ్చే ఏడు యాడికో సెప్పు."

తలకోన జలపాతానికి అన్నాను. అన్న మరుక్షణం మళ్ళీ భయం పట్టుకుంది. వచ్చే ఏడు అద్దె ఎంతుంటుందో, ఫ్యాక్టరీ తెరుస్తారో లేదో నాకు తెలియదు.

ఇది రాస్తున్న ఇప్పటికీ తెలియదు. చెట్టు మీద కొమ్మ విరిగినా ఒళ్ళు జలదరిస్తోంది. అయినా పోయిన శనివారం మందిరంలో గొంతెత్తి అడిగాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. మన దేవుడు పారువేటకు పోతాడు, తెప్ప మీద తిరుగుతాడు, ఉయ్యాల ఊగుతాడు. లోకాన్నే ఆయన ఆటగా చేశాడని గ్రంథాలు చెబుతున్నాయి. ధరలు పెరిగాయని ఆయనకు ఏ ఏడైనా తెప్ప ఆపామా? మరి మూడు నెలలు నిలబడి కాళ్ళు వాచిన మనిషికి ఒక్క పగలు నీళ్ళ దగ్గర కూర్చునే హక్కును దుబారా అనడానికి మన నోరు ఎలా వస్తుంది? తాగుడుకు లెక్క అడగని మగవాళ్ళు ఆడదాని సరదాకు లెక్క అడుగుతారు. సరదాలు మానుకుంటే భయం తగ్గుతుందని అనుకోకండి. భయం అలాగే ఉంటుంది, మనిషే తగ్గిపోతాడు.

ఇక కైగల్ వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. వెయిటింగుకు అడిగినంత ఇచ్చి ఆటోను అక్కడే ఉంచుకోండి, నాలుగు కొట్టకముందే ఎక్కేయండి. ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి, ఇంటికి తిరిగొచ్చే దారి దగ్గర మాత్రం తగ్గించకండి.