తాలు ఏరిన చేతులు

మా అమ్మకు చదువు రాదు. నేను హుజూర్‌నగర్‌లో మందుల దుకాణం నడుపుతాను, గోడకు నా ఫార్మసీ పట్టా అద్దం కట్టించి పెట్టుకున్నాను. అయినా మా ఇద్దరిలో మందులు ఎవరికి బాగా తెలుసంటే అమ్మకే అని చెప్తాను.

అమ్మ ముప్పై ఏండ్లు మిర్చి కల్లాల్లో కూలి చేసింది. ఎండిన ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కకు పోయడం ఆమె పని. ఆ కూలితోనే నన్ను చదివించింది. బాపుకు గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన మందులు చూసేదీ ఆమే. నెలనెలా నేను ఊరికి పంపే మందులను వాకిట్లో, ఎండ పడే చోట, చాటలో పోస్తుంది. ప్రతి గోలీల షీటు పక్కన పోయిన నెల ఖాళీ షీటు పెట్టి చూసుకుంటుంది. అది చూసి నేను చాలాసార్లు నవ్వాను.

ఒకరోజు పొద్దున ఫోన్ చేసింది. బాపుకు రక్తం పలచబడటానికి ఇచ్చే గోలీ రంగు మారిందట. దుకాణం నిండా జనం. కంపెనీ మారి ఉంటుంది, వెయ్యమన్నాను. మళ్లీ అడిగింది. నాకు చిర్రెత్తింది. చదువుకున్నది నువ్వా నేనా అనేసి ఫోన్ పెట్టేశాను.

రెండు గంటల్లో బస్సు దిగి వచ్చింది. కొంగు ముడి విప్పి పాత షీటు, కొత్త షీటు కౌంటర్ మీద పెట్టింది.

"మీ బాపుకు ఇంకా ఎయ్యలే బిడ్డా. తాలు అనిపిస్తే మేం పక్కకు పెడ్తం. జర నువ్వు చూడు."

చూశాను. మందు అదే, మోతాదు ఐదింతలు. పక్క డబ్బాలోంచి తీసి పంపింది నేనే. రోజూ అదే వేసుకుని ఉంటే లోపల ఎక్కడో రక్తం కారి బాపు మాకు దక్కేవాడు కాదు. తప్పు నాదే అని అందరి ముందు ఒప్పుకున్నాను. అమ్మ నేనిచ్చిన సరైన షీటు కొంగున ముడేసుకుని, బస్సు పోతుందని వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నా కౌంటర్ మీద ఒక చాట ఉంటుంది. నెలనెలా మందులు కొనేవాళ్లను పాత షీటు తెమ్మంటాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే ఇస్తాను. మందుల దుకాణంలో చాటేందని కొత్తవాళ్లు నవ్వుతారు. మిర్చి కల్లంలో కూలి చేసిన మా అమ్మ నేర్పిందని దుకాణమంతా వినేలా చెప్తాను. అలా చెప్పేటప్పుడు నాకెంత గర్వమో.

మొన్న ఆమే తన బీపీ గోలీలకు వచ్చింది. కొడుకునే కదా, ఇచ్చింది తీసుకుంటుందనుకున్నాను. కొంగులోంచి ఖాళీ షీటు తీసి చాటలో వేసింది.

"చూసి ఇయ్యి" అన్నది.

వెనుక ఐదారుగురు నిలబడి ఉన్నారు. చూసే ఇచ్చాను.