అత్తయ్య మా గ్యాసు కుండకి పెట్టిన అన్నం

మా అత్తగారు పోయారు. కర్మలు అయిపోయాయి, వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మావారు నన్ను అడిగారు. కలకత్తాలో పుట్టి పెరిగిన మనిషి, ఆయనకు తెలుగు రాయడం రాదు. రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా రాస్తున్నాను.

నా ఉద్యోగం చెత్త వెతకడం. కలకత్తాలోనే, ఖిదిర్‌పూర్ దగ్గర మాదొక చిన్న గ్యాసు ప్లాంటు. కుళ్ళే సరుకు పెద్ద ట్యాంకులో వేసి మగ్గబెడితే గ్యాసు వస్తుంది. దానితో పక్కనున్న కార్మికుల క్యాంటీన్‌లో వంట చేస్తారు. ఆ ట్యాంకు ఏడాది పొడుగునా నిండాలి, అదీ బాధ. పండగలప్పుడు పూలు కుప్పలుగా వస్తాయి, తర్వాత ఉండవు. వానల్లో మార్కెట్ చెత్త నిండా నీళ్ళే. మిఠాయి దుకాణాల విరుగుడు నీళ్ళు ఎక్కువైతే ట్యాంకు పులిసిపోతుంది. ఇళ్ళ చెత్త రోజూ దొరుకుతుంది గానీ దాన్నిండా ప్లాస్టిక్కే.

ఈ గోల వినీ వినీ అత్తయ్య కొంగు బిగించారు. భవానీపూర్‌లో మా బిల్డింగులో మేం తప్ప అందరూ బెంగాలీలే. మా గుమ్మం పక్కన ఆకుపచ్చ బకెట్ పెట్టించి, ఇంటింటికీ వెళ్ళి, "దిది, ప్లాస్టిక్ దేబెన్ నా" అంటూ, ప్లాస్టిక్ వెయ్యొద్దని బతిమాలారు. ఎవరైనా పాల ప్యాకెట్ వేస్తే కడిగి, ఆరబెట్టి, వాళ్ళ తలుపుకే తగిలించి వచ్చేవారు. ఒక్కరికీ కోపం రాలేదు, అదేం మాయో! ట్యాంకుని ఆవిడ కుండ అనేవారు. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే ప్రశ్న సిద్ధం.

"ఏటే, నీ కుండకి కడుపు నిండిందా?"

"లేదత్తయ్యా."

"రేపు సూద్దాంలే. ముందు నువ్వు కాళ్ళు కడుక్కో."

చలికాలం మొదట్లో బకెట్లో అన్నం ఎక్కువగా పడసాగింది. అన్నం పడితే గ్యాసు బాగా వస్తుంది. ముద్దపప్పు, నెయ్యి కలిపిన శుభ్రమైన అన్నం, ఒక్క ఎముక లేదు. "అంతా మీ పుణ్యమే" అని మురిసిపోయాను. ఆవిడ నవ్వారు. "మీరు తిన్నారా?" అంటే, "ఎప్పుడో తినీసేన్నే" అనేవారు.

అత్తయ్యని ఆసుపత్రిలో చేర్చాక డాక్టరు అడిగారు: "చాలాకాలంగా ఈవిడకి ముద్ద దిగడం లేదు. మీరెవరూ చూడలేదా?"

అప్పుడు తట్టింది. మా బిల్డింగులో ముద్దపప్పు వండేది మేమొక్కరమే. ఊరందరి చెత్తా కెలికి చూసేదాన్ని, మా ఇంటి అన్నం గుర్తుపట్టలేకపోయాను. ఛీ, నా చదువూ ఒక చదువేనా!

"ఎందుకు దాచారత్తయ్యా?" అని మంచం పక్కన ఏడ్చాను.

"నీకు తెలిస్తే పని మానీసి నా దగ్గర కూకుంటావు. పారబొయ్యనేదు కదే, నీ కుండకే పెట్టీసేను" అన్నారు, నన్నే ఓదారుస్తూ. నాలుగు తిట్టినా బాగుండేది.

నిన్న తిరిగి పనిలోకి వెళ్ళాను. క్యాంటీన్‌లో వంట చేసే దాదా మా గ్యాసు పొయ్యి మీద వండిన అన్నం వడ్డించి, "ఖాన్, దిది" అని తినమన్నాడు. మొదటి ముద్ద గొంతులోనే ఆగిపోయింది. ఆవిడ ఎన్ని పూటలు ఇలా కూర్చుని ఉంటారో! పళ్ళెం పక్కకి నెడితే ఆ అన్నం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నీళ్ళు తాగుతూ, ఏడుస్తూ, మెతుకు మిగలకుండా తిన్నాను.