నూట నలభై ఒక్క రోజులు

2007 ఫిబ్రవరి 2, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఐర్లండులోని డండాక్‌లో మా అమ్మాయి ఇంటి వంటగది కిటికీకి బయట నేను బిగించిన ఉష్ణమాపకం ఏడు డిగ్రీలు చూపుతోంది. సముద్రం వైపు నుంచి సన్నని తుంపర పడుతోంది. ఆ నిమిషానికే మా మనవడు బడి నుంచి వచ్చి, పొద్దున తపాలాలో వచ్చి బల్ల మీద ఉన్న కవరు చించాడు. నేను పక్కనే ఉండి గడియారం చూశాను కనుక ఈ వివరాలలో పొరపాటు లేదు.

కవరు ఇంగ్లండులోని ఒక సాకర్ క్లబ్బు నుంచి వచ్చింది. వాణ్ణి జీతం ఇచ్చి రెండేళ్ళపాటు తమ యువ జట్టులోకి తీసుకుంటామని, ఫిబ్రవరి 28లోగా జవాబు చెప్పమని అందులో ఉంది. డబ్లిన్‌లోని ఒక కాలేజీ నుంచి జనవరిలోనే మరొక ఉత్తరం వచ్చింది. జూన్‌లో వాడు రాయబోయే బడి చివరి పరీక్షలో తగినన్ని మార్కులు వస్తే, ఈ దేశపు సొంత ఆట అయిన గేలిక్ ఫుట్‌బాల్ ఆటగాడిగా స్కాలర్‌షిప్పు ఇస్తామని, మార్చి 9లోగా చెప్పమని దాని సారాంశం. సాకర్‌లో బంతిని చేత్తో ముట్టకూడదు. గేలిక్‌లో చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. వలలో పడితే గోల్, దానికి మూడు పాయింట్లు. అడ్డకర్ర మీదుగా పోతే ఒక పాయింటు. వాడు పదేళ్ళ వయసులో ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి రెండూ ఆడుతున్నాడు. నేను 2001లో వచ్చి వీళ్ళ దగ్గర ఉంటున్నప్పటి నుంచి రెండింటి లెక్కా రాస్తున్నాను. 2006లో సాకర్ ఇరవై నాలుగు ఆటలు, తొమ్మిది గోల్స్. గేలిక్ పదిహేడు ఆటలు, నాలుగు గోల్స్, యాభై రెండు పాయింట్లు. అంటే మొత్తం అరవై నాలుగు.

వాడు మొదటి పేజీ చదివి, కుర్చీ పడిపోయేలా లేచి, వాళ్ళమ్మకు ఫోన్ చేయడానికి మేడ మీదికి పరుగెత్తాడు. ఉత్తరం బల్ల మీదే వదిలేశాడు. దానిలో మూడు పేజీలున్నాయి. ఏ కాగితాన్నైనా చివరి పంక్తి దాకా చదవడం నాకు అలవాటు. మూడో పేజీలో అయిదో షరతు ఇలా ఉంది: ఆటగాడు 1988 సెప్టెంబరు 1న గానీ, ఆ తరువాత గానీ పుట్టి ఉండాలి; పాస్‌పోర్టు చూపాలి.

వాడి పాస్‌పోర్టులో ఉన్న తేదీ 1988 జూన్ 1. వాడు పుట్టిన తేదీ 1988 అక్టోబరు 20.

మా ఇంట్లో ఇది రహస్యం కాదు. కాగితం మీది పుట్టినరోజు ఒకటి, పాయసం వండే పుట్టినరోజు మరొకటి. మా తరంలో చాలా ఇళ్ళలో అంతే. 'బళ్ళో వేసేటప్పుడు గుమాస్తా తప్పు రాశాడు' అన్న మాట పదమూడేళ్ళకు పైగా మా ఇంట్లో చెల్లుబాటు అవుతూ వచ్చింది. అది మొదట అన్నది నేనే. గుమాస్తా ఏ తప్పూ రాయలేదు. 1993 జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చడానికి వాణ్ణి తీసుకువెళ్ళినవాణ్ణి నేను. అయిదేళ్ళు నిండి ఉండాలన్నారు. నిండలేదు, నూట నలభై ఒక్క రోజులు తక్కువ. ఏడాది వృథా అవుతుందని నాకు ఆదుర్దా కలిగింది. దరఖాస్తులో జూన్ 1 అని నా చేత్తో రాసి, నా సంతకం పెట్టాను. అప్పటికి నేను గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. నా రిజిస్టర్లలో పిల్లల పుట్టినతేదీలు మార్చమని తల్లిదండ్రులు ఎంత బతిమాలినా ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక్కటి కూడా మార్చలేదు. మార్చింది మా మనవడిది. అదే తేదీ వాడి భారతీయ పాస్‌పోర్టులోకి, అక్కడి నుంచి నిరుడు వచ్చిన ఐరిష్ పాస్‌పోర్టులోకి ఎక్కింది.

మరి క్లబ్బువాళ్ళు వాడు అర్హుడని ఎలా అనుకున్నారు? దానికీ నేనే సాక్షిని. 2006 అక్టోబరు 28, శనివారం, ఆట అయిపోయాక వాళ్ళ మనిషి మైదానం గట్టున మా దగ్గరికి వచ్చి వయసు అడిగాడు. "పోయిన వారమే పద్దెనిమిది నిండాయి" అన్నాడు మా వాడు. ఆయన చిన్న పుస్తకంలో 20 అక్టోబరు 1988 అని రాసుకోవడం నేను చూశాను. నిజమైన తేదీ ఒక కాగితం మీదికి ఎక్కిందని ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది తప్ప, మరొక ఆలోచన రాలేదు. డిసెంబరులో నాలుగు రోజులు పిలిపించుకుని ఆడించి చూసినప్పుడు కూడా వాణ్ణి విమానాశ్రయంలో తప్ప ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు.

గేలిక్ ఆటకు ఈ బాధ లేదు. అక్కడ వయసు జనవరి ఒకటి నుంచి లెక్క. జూన్ అయినా అక్టోబరు అయినా 1988, 1988 కిందే పడుతుంది. సాకర్‌కు మాత్రం సెప్టెంబరు ఒకటి గీత. ఆ గీతకు మా వాడు కాగితం ప్రకారం తొంభై రెండు రోజులు అవతల ఉన్నాడు.

ఆ తరువాతి అయిదు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. వాడు మాత్రం రోజూ నా గదికి వచ్చేవాడు. తెల్లకాగితం మధ్య గీత గీసి, ఒకవైపు సాకర్, మరొకవైపు కాలేజీ అని రాసి తెచ్చాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది. జవాబు ఈ ఊరి యాసలో, ఇంగ్లీషులో వస్తుంది.

"లెక్క ఏమంటోంది తాతా? నీ పుస్తకంలో ఉంటుంది కదా."

"లెక్క జరిగింది చెబుతుంది. జరగబోయేది చెప్పదు."

"అయితే ఆ పుస్తకం ఎందుకు మరి, మోయడానికా?" అని నవ్వి, "గ్రాండ్, నేనే ఆలోచించుకుంటా" అన్నాడు. ఈ ఊళ్ళో గ్రాండ్ అంటే 'సరేలే' అని.

నాకు ఆ రాత్రుళ్ళు సరిగా నిద్ర పట్టలేదు. 7వ తేదీ, బుధవారం, భోజనాల తరువాత వాడు ప్రాక్టీసుకు వెళ్ళి ఉండగా, అమ్మాయి ముందూ అల్లుడి ముందూ మూడో పేజీ పెట్టాను. అల్లుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రోజూ డబ్లిన్ వెళ్ళి వస్తాడు. చదివి, కళ్ళజోడు తీసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"పోనీలెండి మామయ్యగారూ, మంచిదే అయింది. బంతి తన్నడం ఉద్యోగమా? మనం వద్దంటే చెడ్డవాళ్ళం అవుతాం. తేదీయే వద్దంటోంది. అదే చెబుదాం."

"అంత సులువా?" అంది అమ్మాయి. "వాడు అక్టోబరులోనే పుట్టాడు. కన్నదాన్ని నేను. ఆ గుమాస్తా ఎవడో రాసిన తప్పుకి..."

"గుమాస్తా కాదమ్మా" అన్నాను. "నేను."

అమ్మాయి నా వంక చూసింది. "మీరా? అటెండెన్స్‌లో ఒక్క రోజు తేడా వస్తే నన్ను కూడా నిలబెట్టిన మనిషి! మీరా నాన్నా?"

అల్లుడు మాత్రం ఇంకొక సంగతి పట్టుకున్నాడు. "అసలు తేదీ బయటపెడితే పాస్‌పోర్టు మాటేమిటి? అబద్ధం చెప్పి తెచ్చుకున్నామంటే? మామయ్యగారూ, దయచేసి ఇది కదపకండి."

మరునాడు నేనూ అమ్మాయీ ఒక న్యాయవాదిని కలిశాం. పుట్టిన ఊరి మునిసిపాలిటీ ధ్రువపత్రం, నా ప్రమాణపత్రం ఉంటే దిద్దించుకోవచ్చునని, ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్ళకు భయం లేదని, అయితే నెలలు పడుతుందని, ఎన్ని నెలలో తాను చెప్పలేనని ఆయన అన్నాడు. ఎన్నో చెప్పలేని సంఖ్య నా పుస్తకంలో ఎక్కడ రాయను?

11వ తేదీ, ఆదివారం, గేలిక్ ప్రాక్టీసు పదకొండుకు మొదలై పన్నెండు గంటల నలభైకి ముగిసింది. వాళ్ళకు శిక్షణ ఇచ్చేది ఒక ప్లంబరు. ఊరంతా కొత్త ఇళ్ళు లేస్తున్న రోజులు, ఆయన ఫోను ఎత్తితే హలో అనడానికి బదులు "ఏ ఇల్లు?" అనేవాడు. నన్ను చూసి, "ఏమండీ మాస్టారూ, మా కుర్రాణ్ణి ఇంగ్లండుకు ఇచ్చేస్తారా? అక్కడ బంతి చేత్తో ముట్టుకుంటే ఈల వేస్తారు, పాపం!" అని ఆటపట్టించి వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు. మైదానం గోడ దగ్గర నేనూ మనవడూ మిగిలాం. వాడు బూట్ల మట్టి గోడకు కొట్టి రాలుస్తున్నాడు. నేను షరతు చెప్పాను. గుమాస్తా ఎవరో చెప్పాను.

వాడు బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వా?"

"నేనే."

"ఇంతకీ నా వయసెంత మరి?"

"పద్దెనిమిదేళ్ళ మూడు నెలల ఇరవై రెండు రోజులు."

వాడికి నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. "కాగితం ప్రకారం కాదు కదా."

"నేను క్లబ్బుకు ఉత్తరం రాస్తాను. రెండు తేదీలూ పెట్టి, తప్పు నాదని సంతకం చేస్తాను."

"ఇప్పుడే వద్దు తాతా. వచ్చే ఆదివారం దాకా ఆగు. ముందు నాకు వెళ్ళాలని ఉందో లేదో తేలనీ. లేదనుకుంటే నేనే వద్దని రాస్తాను, ఈ గొడవే ఉండదు. ఉందనుకుంటే అప్పుడు రాద్దువు గాని. సరేనా?"

సరే అన్నాను.

ఆ మాట నిలబెట్టుకోలేదు. ఆ రాత్రి పన్నెండు దాటేదాకా కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాను. నా తప్పును మరొక వారం పాటు దాచి ఉంచడం నేను భరించలేకపోయాను. ఆలస్యమైతే వాణ్ణే మోసగాడంటారేమోనని భయం కూడా వేసింది. 12వ తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల అయిదు నిమిషాలకు తపాలా కార్యాలయంలో రిజిస్టరు చేయించి రసీదు తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఉష్ణోగ్రత తొమ్మిది డిగ్రీలు, గాలి లేదు.

వాడు చెప్పిన ఆదివారం, 18వ తేదీ, వచ్చింది. వాడు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే పోస్టు చేసిన సంగతి చెప్పవలసి వస్తుంది. ఆ తరువాతి నాలుగు రోజులూ తపాలా మనిషి గేటు తీసిన ప్రతిసారీ ముందు నేనే గుమ్మంలోకి వెళ్ళాను.

22వ తేదీ, గురువారం, జవాబు వచ్చింది. వాడి పేరు మీద వచ్చిన కవరు, నేను తెరవలేదు. సాయంత్రం వాడు నిలబడే చదివాడు. ఒక్క పేజీ. మీ తాతగారు నిజాయితీగా రాసినందుకు కృతజ్ఞతలు. కానీ మేము పాస్‌పోర్టులో ఉన్న తేదీనే పరిగణించగలం. ఆ ప్రకారం మీరు వయసు మించినవారు. కనుక మా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాము.

"నువ్వు రాశావా?"

"రాశాను. సోమవారం, పన్నెండో తేదీ."

"నేను ఆగమన్నాను."

"అవును."

అమ్మాయి పొయ్యి కట్టేసి వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు ఆ చెయ్యి తీసేశాడు. కేకలు వేయలేదు. వేసి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మొన్న మంగళవారమే అనుకున్నాను, వెళ్ళను అని" అన్నాడు, ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే. "ఈ కాలేజీయే నాకు ఇష్టం. ఈ వారాంతంలో వాళ్ళకు రాయాలనుకున్నాను, వద్దని. నేను రాయాలనుకున్నాను తాతా. ఇప్పుడు వాళ్ళు నన్ను వద్దన్నారు. నేను వాళ్ళను అనలేదు. ఇక ఎప్పుడూ అనలేను."

అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, సంగతి విని, "ఎలాగైతేనేం, కాలేజీకే కదా" అన్నాడు. వాడు తండ్రి వైపు చూడకుండా మేడ మెట్లు ఎక్కాడు.

ఆ మంగళవారం వాడు నిజంగానే నిర్ణయించుకున్నాడో, ఉత్తరం చదివాక కలిగిన బాధలో అలా అనుకున్నాడో నాకు తెలియదు. నా దగ్గర దానికి ఆధారం లేదు. వాడు ఎక్కడా రాసిపెట్టలేదు. అడగడానికి నాకు అర్హత లేదు. నేను ఆగి ఉంటే ఆధారం వాడి చేతివ్రాతలోనే ఉండేది.

పదకొండు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. మార్చి 5, సోమవారం, రాత్రి ఎనిమిది గంటలకు కాలేజీ దరఖాస్తు పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"పుట్టినతేదీ ఏది రాయమంటావు?"

"దిద్దుబాటు అయ్యేదాకా పాస్‌పోర్టులో ఉన్నదే రాయాలి. లేకపోతే అక్కడా చిక్కు వస్తుంది."

"అది నీ తేదీ. నాది కాదు."

"నాదే" అన్నాను.

వాడు గోడకు ఆనించి రాసుకుని వెళ్ళిపోయాడు. జూన్‌లో పరీక్ష రాశాడు, మార్కులు సరిపోయాయి, సెప్టెంబరులో డబ్లిన్ వెళ్ళాడు. పాస్‌పోర్టు దిద్దుబాటు నవంబరులో పూర్తయింది. అప్పటికి ఆ తేదీతో ఏ క్లబ్బుకూ పని లేదు.

ఆ కాలేజీ తరఫున వాడు ఆడిన మొదటి సీజను 2007 అక్టోబరులో మొదలై 2008 మార్చిలో ముగిసింది. రైల్లో వెళ్ళి నాలుగు ఆటలు చూశాను. తక్కిన రెండింటికి నన్ను రావద్దన్నాడు, వెళ్ళలేదు, వాటి లెక్క ఫోనులో అమ్మాయి అడిగి చెప్పింది. తుది లెక్క ఇది: జీతానికి ఆడిన సాకర్ ఆటలు, సున్నా. కాలేజీకి ఆడిన గేలిక్ ఆటలు, ఆరు. గోల్ ఒకటి, పాయింట్లు తొమ్మిది, మొత్తం పన్నెండు.