చేపనూనె పూసిన పీపా

ఫైబర్ పడవలొచ్చాక జాలరిపేటలో చెక్క పడవలు చేసే సింహాద్రి ఉలి చప్పుడు ఆగిపోయింది. భార్య నూకాలు పోయాక ఇంట్లోనూ చప్పుడు లేదు. పని లేకపోయినా రోజూ ఉలి నూరుకునేవాడు.

2001లో ఒక గెస్టుహౌసు మేనేజరు కామరాజు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. స్టీలుప్లాంటు పనికొచ్చిన జర్మన్ ఇంజినీరు ఉల్రిక్ దగ్గర ఒక చెక్క పీపా ఉంది. వాళ్ల ఊరి బీరు కార్ఖానా స్టీలు పీపాలకు మారి, పాతవి పారేస్తుంటే తెచ్చుకున్నాడు. అది ఎండి కారుతోంది. గెస్టుహౌసులో చేసుకునే వాళ్ల ఊరి పండగనాడు బీరు అందులోంచే పోయాలని అతని పట్టు.

"ఇది నిలిస్తే మా గెస్టుహౌసు తోటలో పెట్టడానికి ఇలాంటివి ఆరు చేయిస్తాం సింహాద్రీ. ఏడాదంతా నీకు పనే," అన్నాడు కామరాజు.

సింహాద్రి పీపాను ఇంటికి తెచ్చుకుని తడిమి చూశాడు. మేకు లేదు, జిగురు లేదు. ఇనప పట్టీల మధ్య పలకలు తడిసి, ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకుంటేనే బిగుసుకుంటాయి. పడవా అంతే. ఈ సంగతి తెలిసిన వడ్రంగి సముద్రాల అవతల ఇంకొకడున్నాడు. చాలా రోజులకి ఎవరో పలకరించినట్టయింది.

మూడు రోజులు నీళ్లు నింపి ఉంచాడు. పట్టీలు బిగించాడు. అయినా ఒకచోట చెమ్మ. అప్పుడు పడవకు చేసినట్టే గుగ్గిలం కాచి, సొరచేప నూనె కలిపి లోపలంతా పూశాడు. ఆరాక తల దూర్చి వాసన చూశాడు. చెక్క వాసన తప్ప ఏమీ లేదు.

పండగ సాయంత్రం చుక్క కారలేదు. ఉల్రిక్ మొదటి గ్లాసు పట్టి, నోటిదాకా తెచ్చి, దించేశాడు.

"ఏం పూశావయ్యా? చేపల కంపు," అన్నాడు కామరాజు ఆ గ్లాసు వాసన చూసి, పక్కనున్న సింహాద్రితో.

"సొరసేప నూనె బాబూ. వాసన సూసాను. ఏటీ లేదు."

"నీకెలా తెలుస్తుంది? పుట్టినప్పట్నుంచీ అందులోనే ఉన్నావు."

అందరూ నవ్వారు. ఉల్రిక్ నవ్వలేదు, పట్టీల మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. బిగింపు బాగుందన్నాడట, పీపా నిన్నే ఉంచుకోమన్నాడట అని కామరాజు చెప్పాడు. తర్వాత స్టీలు పీపా తెరిచారు. ఆరు పీపాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే చేపల గంపతో పోతమ్మ అటుగా వచ్చింది.

"ఏటి మావా ఇది?"

"వాసన సూడు."

ఆమె గంప దించి, వంగి చూసింది. "సెక్క వాసన. సుబ్బరంగుంది."

"కాసేపు కూకోయే."

"సేపలు పాడైపోతాయి మావా," అంటూ గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

సింహాద్రి మళ్లీ పీపాలో తల పెట్టాడు. కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చాడు. చెక్క వాసనే.