బావకు కొన్న దిక్సూచి

మా అక్కను చేసుకున్న బావ హన్మకొండలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. సెలవు దొరికితే చాలు, ములుగు దాటి అడవుల్లోకి వెళ్లి మొక్కలు సేకరించేవాడు. వాటిని పాత పేపర్ల మధ్య ఆరబెట్టి అట్టలకు కుట్టేవాడు. మా నాన్న మిర్చి వ్యాపారం కోసం వేలంలో కొన్న పాత జీపు ఒకటి ఉండేది. నడపడం నాకొచ్చు కనుక ఆయన వెంట నేనే వెళ్లేవాణ్ణి. డెబ్బైల చివర్లో మొదలైన ఆ తిరుగుడు ఐదారేళ్లు సాగింది.

అడవిలో జీపు బాటలు ఏటా మారేవి. వానలకు ఒకటి కొట్టుకుపోతే బండ్లవాళ్లు ఇంకోటి చేసుకునేవాళ్లు. ఒకసారి వెదురు పొదల మధ్య మూడు గంటలు తిరిగి మళ్లీ మా టైరు గుర్తుల దగ్గరికే వచ్చాం. ఆ రోజే బావ అన్నాడు.

"కంపాసు ఒకటి కొనాలెరా. ఎన్నిసార్లని పొద్దును చూస్కుంట తిరుగుతం?"

వరంగల్ స్టేషన్ దగ్గర భూములు కొలిచే గొలుసులు, టేపులు, పాత దుర్బిణీలు అమ్మే దుకాణానికి వెళ్లాం. దుకాణం నడిపే ముసలాయనను అందరూ చాచా అనేవాళ్లు. ఆయన రెండు దిక్సూచులు తీసి గుడ్డతో తుడిచి ముందు పెట్టాడు. ఒకటి అరచేయంత వెడల్పుది. లావుపాటి ఎర్ర ముల్లు, నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద అక్షరాలు. రెండోది ఇత్తడిది, మిలిటరీ వాళ్లు వాడి అమ్మేసిందట. మూత లేపి, పక్కనున్న చిన్న గాజుబిళ్లకు కన్ను ఆనిస్తే చీమల్లాంటి అంకెలు కదిలేవి. ఏ గుట్ట ఎన్ని డిగ్రీల్లో ఉందో చెప్పవచ్చు.

బావ రెండింటినీ గడప దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్లాడు. ఇత్తడిదానికి చాలాసేపు కన్ను పెట్టాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. చివరికి మొదటిదే చూపించి, "గిది చాలురా" అన్నాడు.

నేను నవ్వాను. "గది పోరగాండ్లు ఆడుకునేదిలెక్కున్నది బావా. సైన్సు సారు చేతుల గిదా? నీ స్టూడెంట్లు చూస్తె నవ్వుతరు."

"జర ఆగు బేటా," అన్నాడు చాచా. "ఎవలి కండ్లకు ఏది ఆనుతదో గదే తీస్కోవాలె."

"గంత సన్న అక్షరాల పుస్తకాలు చదివెటాయన, గీ అంకెలు ఆనయా?" అన్నాను.

బావ నా వైపు చూశాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "సరే తియ్యి, నీ ఇష్టం."

ఇత్తడిదే కొన్నాం. తర్వాత రెండుసార్లు అడవికి వెళ్లినప్పుడు, "నువ్వు చూసి చెప్పు, నేను రాస్కుంట" అని దాన్ని నా చేతికే ఇచ్చాడు. కొన్నాళ్లుగా మైలురాళ్ల మీది ఊరి పేర్లు కూడా నన్నే చదవమంటున్నాడు. నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను.

మూడోసారి వానలు వెనకపట్టాక వెళ్లాం. ఒక వాగు దాటుతుంటే జీపు వెనక చక్రాలు బురదలో కూరుకుపోయాయి. నేను కొమ్మలు నరికి చక్రాల కింద వేస్తుంటే, బావ సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఆ గుట్ట మొదట్ల ఒక తీగె ఉంటది. గంటల వస్త."

"ఒక్కనివే పోతవా?"

"కంపాసున్నది గద."

గంట దాటింది, రెండు దాటాయి. హారన్ కొట్టాను, గుట్ట దాకా పరుగెత్తి పిలిచాను. పలకలేదు. దగ్గరి కోయగూడెం వాళ్లు పొద్దుగూకేదాకా నాతో వెతికారు. తెల్లారి మళ్లీ బయలుదేరాం. గుట్టకు పూర్తిగా ఎదురు దిక్కున, ఇంకో చిన్న వాగు గట్టు కింద పడి ఉన్నాడు. కుడి కాలు విరిగింది. నీళ్లు తాగించాక ఆయన అన్న మొదటి మాట:

"అంకెలు ఆనలేదురా. అన్నీ ఒక్కతీర్గనే కనవడ్డయి."

జీపులో వెనక పడుకోబెట్టి తెస్తుంటే అప్పుడు చెప్పాడు. కంటి వెనక నరం ఎండిపోతోందనీ, మందు లేదనీ హైదరాబాదులో డాక్టరు చెప్పి అప్పటికే ఏడాది అయిందట.

"నాకెందుకు చెప్పలె బావా?"

"చెప్తె అడవికి తోల్కపోతవా?"

దవాఖానలో మా అక్కకు కళ్ల సంగతి కూడా తెలిసింది. ఆయన సంచీలోంచి దిక్సూచి తీసి, మూత లేపి చూసి, ఏడుస్తూ అడిగింది. "కండ్లు కనవడని మనిషికి గింత సన్న అంకెలది ఎవలు కొనిచ్చిండ్రు?"

"నేనే ముచ్చటపడి తీస్కున్న," అన్నాడు బావ. "వాడు వద్దనే అన్నడు."

నేను మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను.

కాలు అతికింది గాని రెండు వేళ్లంత పొట్టిదైంది. మూడేళ్లలో చూపు పూర్తిగా పోయింది, ఉద్యోగం వదిలేశాడు. పాత విద్యార్థులు అప్పుడప్పుడు కొమ్మలు తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. ఆకు నలిపి వాసన చూసి పేరు చెప్పేవాడు. పొరబడినప్పుడు వాళ్లు దిద్దేవాళ్లు కాదు, ఊరుకునేవాళ్లు. ఆ నిశ్శబ్దాన్ని బట్టే ఆయనకు తెలిసిపోయేది. ఒకసారి అడవికి పోదాం రమ్మన్నాను.

"వద్దురా. ఆడిదాంక వోయి జీపుల కూసుంటె ఇంకింత బాధైతది."

ఎనభైల చివర్లో గుండె ఆగి పోయాడు. నెల మాసికం అయ్యాక, ఒక మధ్యాహ్నం అక్క బియ్యం ఏరుతుంటే దగ్గర కూర్చుని చెప్పాను. ఆ ఇత్తడిది కొనిపించింది నేనేనని, ఆయన పెద్ద అక్షరాలదే చాలన్నాడని, దవాఖానలో నా కోసం అబద్ధమాడాడని.

అక్క చాటలోంచి రాళ్లు ఏరుతూనే ఉంది.

"కండ్ల సంగతి ఆయన చెప్పలె. గీ సంగతి నువ్వు చెప్పలె," అంది. "నేనేం పరాయిదాన్నారా?"

తిట్టినా బాగుండేది. చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మాటలు మానలేదు మా అక్క. పండుగకు పిలిచేది, నా పిల్లలను చూసుకునేది. కాని ఆ ఇంట్లో ఎప్పుడూ స్టీలు గ్లాసులో చాయ్ తాగిన నాకు, ఆ తర్వాత చాలాకాలం, చుట్టానికి ఇచ్చినట్టు కప్పూ సాసరులో ఇచ్చేది.