లోయ బాటలో కోతలాయన

సందు చివర సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కోతలాయన అనేవారు. కత్తెర ఒక కోత కోస్తే నోరు పది కోతలు కోస్తుందని ఆ పేరు. అద్దం ముందు కూర్చున్నవాడు మెడ కదపలేడు గనక, ఆయన వయసులో ఎక్కిన కొండలన్నీ వాడూ ఎక్కాల్సిందే. ఆ మాటకొస్తే ఆయన మేడ మెట్లు తప్ప ఏమీ ఎక్కి ఎరగడు.

వాడుకగా వచ్చే బడి మాస్టారు ఆ మాటలు నమ్మాడు. ఆకులు పండి రాలే రోజుల్లో, నది లోయ బాట చివరనున్న జలపాతానికి ఇరుగుపొరుగును బయల్దేరదీసి, ముందు నడవాల్సింది మీరేనన్నాడు. తప్పించుకునే దారిలేక కోతలాయన భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

ఆవిడ బట్టలు కుడుతుంది. ఏళ్ళ తరబడి కిటికీలేని గదిలో మిషను మీదకి వంగిపోయిన మనిషి. ఆ రోజు మాత్రం పండుటాకులు ఏరుకుంటూ, కింద నీళ్ళు రాళ్ళకు కొట్టుకుని తెల్లగా విరగడం చూస్తూ, చిన్నపిల్లలా నడిచింది. జలపాతం హోరు ఇక్కడికే వినిపిస్తోందని మురిసిపోయింది.

ఒక వంపు దగ్గర బాట సన్నబడింది. ఒక పక్క కొండ, పట్టుకోవడానికి ఇనుప గొలుసు. రెండో పక్క పాతాళం. కోతలాయన కాళ్ళు నేలలో పాతుకుపోయాయి. ఏమైందని మాస్టారు అడిగేసరికి నోట్లోంచి మాట ఊడిపడింది.

"మా ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయి. మీరు వెళ్ళండి, నేను తోడుంటాను."

అప్పటికే గొలుసు పట్టుకున్న ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. చెయ్యి తీసేసింది. అవును, కాస్త తూలినట్టుందని మాస్టారితో చెప్పి బండ మీద కూర్చుంది.

వాళ్ళు కనుమరుగయ్యాక కూడా ఆయన తలెత్తలేకపోయాడు. చివరికి, నువ్వు వెళ్ళిరా, నేనిక్కడే ఉంటానన్నాడు.

"ఇప్పుడెలా వెళ్తానండీ? మీ మాట అబద్ధమైపోదూ?" అందావిడ.

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

తిరిగొచ్చినవాళ్ళు జలపాతం గురించి కథలు కథలుగా చెప్పారు. ఓపిక చూసుకుని రావాలమ్మా అని మాస్టారు ఆవిడకే సుద్దులు చెప్పాడు. ఆవిడ తలూపింది. నిజం ఆయన గొంతుదాకా వచ్చి, మళ్ళీ దిగిపోయింది. బస్సులో ఒక ముసలాయన లేచి ఆవిడకు సీటిస్తే ఆయనకు చచ్చినంత పనైంది.

వారం తిరక్కుండానే మాస్టారు గడ్డం గీయించుకోవడానికొచ్చి, మీ ఆవిడకి ఎలా ఉందని అడిగాడు. ఒక చెంపకు నురగ పూసిన బ్రష్షు గాల్లోనే ఆగింది.

"కళ్ళు తిరిగింది తనకి కాదు మాస్టారూ, నాకు. ఆ కొండలన్నీ కూడా కోతలే."

బల్ల మీద కూర్చున్నవాళ్ళు విన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు కాలిపోయాయి గానీ మాట మార్చలేదు.

సెలవు రోజున మొగుడూపెళ్ళాలు మళ్ళీ అదే బస్సెక్కారు. వంపు దగ్గర ఆవిడ గొలుసు పట్టుకుని దాటిపోయింది. ఆయన బండ మీద చతికిలబడ్డాడు. దారినపోయేవాళ్ళు ఎందుకాగారని అడిగితే, నేల చూపులు చూస్తూనే, భయమని చెప్పాడు.

ఆవిడ నిలువెల్లా తడిసి తిరిగొచ్చింది. ఎలా ఉందని అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. ఆవిడే పక్కన కూర్చుని, జుట్టు పిండుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.